నగరి సీమ ఇళ్ళు: సొగసు పెట్టిన చోటు

తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న నగరి, పుత్తూరు, నారాయణవనం, కార్వేటినగరం, వాటికి ఎగువన తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి ఊళ్ళలో పాతకాలపు ఇళ్ళు ఇంకా అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. వాటిని చూడబోయేవారు నేటి అలవాటు ప్రకారం నేరుగా లోపలికి వెళ్ళి గదులు చూస్తారు. గదుల్లో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. సున్నం కొట్టిన గోడలు, దీపం పెట్టే గూళ్ళు, చిన్న కిటికీలు, కాళ్ళకు చల్లగా తగిలే బండలు, అంతే. అలాగని ఈ ఇళ్ళకు సొగసు లేదనుకుంటే పొరపాటు. ఇక్కడివాళ్ళు తమ డబ్బునూ పనితనాన్నీ ఇంటికీ వీధికీ మధ్యనున్న అంచు మీద ఖర్చు చేశారు: తిన్నె మీద, తిన్నె కంబాల మీద, వీధి వాకిలి వాసకాళ్ళ మీద, గడప మీద, గడప ముందరి ముగ్గు మీద. గదులకు దక్కింది పనికి కావలసినంతే. ఇంటికి తనదైన తీరు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ఈ సీమ చూపించేది ఆ అంచునే. ఈ మాట నిలబడుతుందా లేదా అన్నది కట్టడాలనే సాక్ష్యంగా పెట్టుకుని తేల్చవలసిన విషయం.

నేల, వాన, సామాను

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా నగరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు అమలై తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 2022 పునర్విభజనలో నగరి చిత్తూరు జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి మరో జిల్లాకు చేరాయి. గీతలు ఎన్నిసార్లు మారినా కొలిమి, బాడిస, తాపీ ఆ గీతలను పట్టించుకోలేదు. మేస్త్రీలూ వడ్రంగులూ రెండు వైపులా పనిచేశారు, వీధుల్లో తెలుగూ తమిళమూ కలిసే వినిపించాయి. అందువల్ల ఇక్కడి ఇంటిని అచ్చంగా రాయలసీమ ఇల్లు అనలేము, తమిళ ఇల్లు అని కూడా అనలేము. కడప, అనంతపురం వైపు కనిపించే చదును మట్టిమిద్దె పడమటికి పోయేకొద్దీ ఎక్కువ. కుశస్థలి ఒడ్డున ఉన్న నగరి చుట్టుపక్కల ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా కురుస్తుంది కనుక వాలు కప్పులు, ముందుకు దిగిన చూరులు ఎక్కువ. ఎండాకాలం సంగతి చెప్పనక్కరలేదు.

సామానును బట్టి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. అన్నిటికన్నా పాతవి తాటాకు, బోద కప్పులు, నాటు పెంకులు. తరువాత బెంగుళూరు పెంకు అని జనం పిలుచుకునే యంత్రపు పెంకు; దీని అసలు పుట్టిల్లు బేసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో పెట్టిన పెంకుల కర్మాగారం. మూడోది కలిగినవాళ్ళ మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, కరక్కాయ, బెల్లం నానవేసిన నీళ్ళు చిలకరిస్తూ ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆ కప్పు కింద నిలబడి తలెత్తితే దూలాల మధ్య ఇటుకల అల్లిక కనిపిస్తుంది. ఇంత పనితనమున్నా దాన్ని ఎవరూ అలంకారంగా లెక్కపెట్టలేదు, సున్నం కొట్టి వదిలేశారు. నేడు అదే అల్లికను గీకి బయటపెట్టి, దాని మీదికి దీపాలు తిప్పి కాఫీ హోటళ్ళు నడుపుతున్నారు. కట్టినవాడికి కప్పు వాన ఆపితే చాలు. అతని దృష్టిలో అందం ఉండవలసిన చోటు వేరే ఉంది.

తిన్నె, వాసకాళ్ళు

వీధి మట్టానికి రెండు మూడడుగుల ఎత్తున, వాకిలికి రెండు పక్కలా, చూరు నీడలో కట్టిన అరుగును ఇక్కడ తిన్నె అంటారు. కోస్తాలో అరుగు ఉంది, తెలంగాణలోనూ ఉంది. నగరి వైపు తిన్నెకు ఉన్న విశేషం, దాన్ని కూర్చోవడానికీ పడుకోవడానికీ రెండింటికీ కొలిచి కట్టడం. మంచి తిన్నెను దగ్గరగా చూస్తే గోడ వైపు చివర గచ్చును తలగడలాగా పైకి లేపి, నున్నగా మెత్తి ఉంటారు. పడుకున్నవాడి మెడకు ఆనేటట్టు వాలు ఇచ్చి ఉంటారు. వీధి వైపు అంచు గుండ్రం చేసి ఉంటుంది, తొడలకు ఒరుసుకోకుండా. వాననీళ్ళు జారిపోవడానికి కంటికి ఆనని వాలు ఒకటి. ఏళ్ళ తరబడి ఒళ్ళు రాసుకుని ఆ గచ్చు తేలిన నునుపును ఏ పాలిష్ యంత్రమూ ఇవ్వలేదు. ఈ తలగడ ఇంటివాళ్ళ కోసం కాదు; వాళ్ళకు లోపల చాపలున్నాయి. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుమలకు నడిచిపోయే దారి ఇది. పెరటాసి నెలలో తమిళదేశం నుంచి నడిచివచ్చే భక్తులు ఈనాటికీ ఈ రోడ్డు మీద కనిపిస్తారు. ఊరుపేరు తెలియని బాటసారి రాత్రి తల వాల్చడానికి ఇల్లు కట్టినప్పుడే గచ్చులో తలగడ పోసిపెట్టారంటే, సౌకర్యం ఎవరి లెక్కలో కొలిచారో తెలుస్తుంది.

తిన్నె మీద బడులు కూడా నడిచాయి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ప్రెసిడెన్సీలో దేశవాళీ బడులను లెక్కించమని ఆదేశించాడు. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. వీటిలో చాలావాటికి సొంత కట్టడమంటూ లేదు. పంతులుగారి తిన్నె, గుడి మండపం, ఊరి చావడి, ఇవే బడులు. బేరం, పంచాయితీ, జాతకం, తాంబూలం, పెళ్ళిమాటలు, చావు పరామర్శ అన్నీ తిన్నె దాటి లోపలికి రానక్కరలేకుండానే జరిగిపోయేవి. కనుక ఇంటికి వచ్చేవాళ్ళలో చాలామంది చూసిన ఇల్లు అంటే తిన్నే. అలంకారం అక్కడికి చేరడంలో ఆశ్చర్యం లేదు.

ఆ అలంకారంలో తలమానికం వీధి వాకిలి ద్వారబంధం. దాన్ని వాసకాళ్ళు అంటారు. నిలువు కొయ్యల మీద లతలు, పైకమ్మి నడుమ ఏనుగుల మధ్య గజలక్ష్మి, మూలల్లో తామరలు, తలుపు పలకల మీద ఇత్తడి బొడిపెలు. ఈ కొండల్లో మాత్రమే పెరిగే ఎర్రచందనాన్ని కూడా ఒకప్పుడు ఇంటి కంబాలకు వాడారు. నేడు శేషాచలంలో దాని దుంగ ఒకటి నరికితే జైలు. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల ఊరు ఈనాటికీ కొయ్యశిల్పానికి పేరు. అసలు రుజువు మాత్రం చెక్కడంలో లేదు, చెక్కనిచోట ఉంది. వీధి వాకిలిలో ఇంత పని చేయించిన ఇంటిలోనే పడసాలలోంచి నట్టింటికి, నట్టింట్లోంచి వంటింటికి పోయే ద్వారబంధాలు చూడండి. చాలా ఇళ్ళలో అవి చిత్రిక పట్టిన ఒట్టి కొయ్యలు, తలుపు ఆనడానికి కావలసిన గాడి తప్ప గీత కూడా ఉండదు. అదే వడ్రంగి, అదే మాను, అదే ఇల్లు. డబ్బు లేక లోపల వదిలేశారనడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ గదుల్లోనే నిండు గాదెలు ఉండేవి. కావాలనే వదిలేశారు.

ఈ అంచును కొయ్యా గచ్చూ ఒకసారి చేసిపెడితే, ఆడవాళ్ళు రోజూ తిరగచేశారు. తెల్లవారుజామున పేడనీళ్ళు చల్లి ముగ్గు వేయడం, గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడం, పండగకు తిన్నె కింది గోడకు జాజు పట్టీలు దిద్దడం, పైకమ్మికి మామిడాకులు కట్టడం. ఇంటి సొగసును కట్టడంగానే చూసేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు. మధ్యాహ్నానికి చెరిగిపోయేది కనుక కాబోలు.

లోపలి ఖాళీ

లోపలి అమరికకు మూల సూత్రం పని. వీధి వాకిలి దాటితే పడసాల, దాని వెనక నట్టిల్లు, పక్కన కొట్టడి, వెనక వంటిల్లు, దొడ్డి. ఆస్తిపరుల ఇళ్ళలో నడుమ ఆకాశం కనిపించే తెరపి ఉంటుంది. కోస్తాలో మండువా లోగిలి అనేదీ తమిళ కన్నడ సరిహద్దుల్లో తొట్టి ఇల్లు అనేదీ ఈ కోవవే. కుర్చీలు, బల్లలు దాదాపు లేవు. పగలు చాప చుట్టి మూలన నిలబెడితే అదే గది వడ్లు పోసుకోవడానికీ, పెళ్ళికి పంక్తి వేయడానికీ, పురిటికీ పనికివస్తుంది. గోడలోని గూడు మీద దీపపు మసి గోపురంలాగా పైకి పాకి ఉంటుంది. కిటికీలు చిన్నవి, గోడలు మందం, వెలుతురు తక్కువ. ఎండలు ముదిరే ఊళ్ళో చీకటి అంటే చల్లదనం. చీకటిగదిలో గోడల మీద చిత్తరువులు వేయించడం ఎవరికీ తోచదు. జపాను రచయిత తానిజాకి 1933లో ఇంటి నీడల అందాన్ని పొగుడుతూ ఒక వ్యాసమే రాశాడు. ఇక్కడివాళ్ళు నీడను పొగడలేదు, వాడుకున్నారు.

నేతగాళ్ళ ఇళ్ళలో ఈ సూత్రం మరింత కచ్చితంగా కనిపిస్తుంది. గుంతమగ్గానికి వెలుతురు కావాలి కాబట్టి అది వాకిలికి దగ్గరగా, ముందుగదిలోనే ఉండేది. నేతగాడు గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే అతని కన్ను నేల మట్టానికి కాస్త పైన, వీధి చూపులోనే ఉంటుంది. పడుగు సాచి గంజి పెట్టడానికి ఇంట్లో చోటు చాలదు, వీధి కావాలి. అందుకే సాలెవీధులు నిడుపుగా, తిన్నగా ఉంటాయి. తెల్లవారి పూట వీధి పొడవునా సాచిన రంగునూలే ఆ వీధికి శోభ. ఇంటి బయట ఎక్కడ ముగుస్తుందో, లోపల ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో తెలుగువారి వైపు నుంచి కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు ఉంది. కట్టడంగా అది ఉన్నదున్నట్టు ఉంది కానీ, పడుగు సాచే వీధిని మ్యూజియంలోకి తేవడం ఎవరి తరమూ కాదు. వీధి లేకుండా నేతగాడి ఇల్లు చూపించడం నా మటుకు నాకు సగం వాక్యం చదివినట్టుంటుంది.

ఇదంతా పేదరికానికి పెట్టిన అందమైన పేరు అని ఒక అభ్యంతరం రావచ్చు. లోపల ఏమీ కొనలేక ఖాళీగా ఉంచుకున్నారు, దాన్ని ఇప్పుడు అభిరుచి అంటున్నారు అని. పూరిళ్ళ విషయంలో ఈ మాటకు బదులు లేదు. కానీ గాదెలున్న రైతు, మిద్దె వేయించిన వర్తకుడు కూడా లోపలి వాసకాళ్ళను మోటుగా వదిలి, వీధి వాసకాళ్ళను చెక్కించినప్పుడు అక్కడ జరిగింది ఎంపిక. చేతిలో డబ్బు ఆడినప్పుడు మనిషి దాన్ని ముందుగా ఎక్కడ పెడతాడన్నదే అభిరుచికి గీటురాయి.

రాజమహలు, జమీను, చెట్టినాడు

మరింత గట్టి అభ్యంతరం రాజుల ఇళ్ళ వైపు నుంచి వస్తుంది. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు, అటుపైన చంద్రగిరికి మారింది. చెన్నపట్నం స్థలం ఇంగ్లీషు కంపెనీకి 1639లో దక్కినప్పుడు ఈ నేలంతా చంద్రగిరి రాజుల ఏలుబడిలోనిది. అక్కడి రాజమహలు మూడంతస్తుల కట్టడం, కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపింది. కింద వరసగా కమానులు, పైన గుడి గోపురాన్ని తలపించే శిఖరాలు. లోపలి దర్బారు హాలులో గచ్చుపని ఉంది. కనుక లోపలి అలంకారం ఈ సీమకు తెలియనిదేమీ కాదు. నిజమే. కానీ దర్బారు హాలు ఎవరి గది? రాజు నిద్రపోయే చోటా, భోంచేసే చోటా కాదు. పరాయివాళ్ళు వచ్చి నిలబడే చోటు, మాట జరిగే చోటు. రాజ్యానికి అది తిన్నె లాంటిది. పురావస్తు శాఖ మ్యూజియంగా నడుపుతున్న ఆ మహలును బయట తోటలో నిలబడి ఒకసారి, లోపల ఒకసారి చూస్తే కట్టినవాడి మనసు ఎటు ఉందో తెలుస్తుంది. కమానుల లయ, శిఖరాల ఎత్తుపల్లాలు, కొండ ముందు నిలబడ్డ తీరు, వీటితో పోల్చదగ్గ గది లోపల ఒక్కటి కూడా లేదు. రాతి కట్టడం మీది కొయ్యా గుడ్డా కాలంలో పోయి ఉండవచ్చు గదా అంటే, పోయి ఉండవచ్చు. పోనిది మాత్రం బయటి రూపమే.

కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందార్ల సంగతి వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు దొరల బంగళాలను చూసి జమీందార్లు నిలువుటద్దాలు, వేలాడే దీపాలు, కుర్చీలు, నూనె చిత్తరువులు లోపలికి తెచ్చుకున్నారు. దొరలకు ఆతిథ్యం ఇవ్వవలసి రావడం దీనికి కారణం. తిన్నె మీద కూర్చోని అతిథి వచ్చాక కూర్చోబెట్టే గది పుట్టింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ ఆదాయం పోయి, చాలా భవనాలు శిథిలమో, కచేరీలో, బడులో అయ్యాయి. జమీందారీ ఇల్లు సీమ ఇంటి తీరును మార్చలేదు. పక్కన మరో తీరుగా వచ్చి వెళ్ళిపోయింది.

చెట్టినాడును చూపించి ఎదురు చెప్పేవాళ్ళూ ఉంటారు. కారైకుడి చుట్టూ నాట్టుకోట్టై చెట్టియార్ల మేడల్లో బర్మా టేకు, ఇటలీ చలువరాయి, ఆత్తంగుడి పలకలు లోపలంతా పరుచుకుని ఉన్నాయి. కానీ ఆ డబ్బు బర్మా, మలయా, సింహళం వడ్డీవ్యాపారంలో వచ్చింది, ఆ హాళ్ళు వందల మంది చుట్టాలు కూడే పెళ్ళిళ్ళ కోసం కట్టినవి. పైగా అక్కడ కూడా వైభవం వీధి వైపు నుంచి లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ, వెనక వంటల చావడికి వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. నగరి ఇంటిని చెట్టినాడు మేడకు పేదచుట్టంగా చూడనక్కరలేదు. ఒకే నియమం చిన్న పైకంతో ఎలా నడుస్తుందో అది చూపిస్తుంది.

తిన్నె ఎవరిది

ఇప్పటిదాకా చెప్పింది వింటే తిన్నె అందరిదీ అనిపించవచ్చు. అందరిదీ కాదు. ఊరి తిన్నెలు మాలమాదిగలకు అందలేదు. వీధిలోకి రావడమే నేరమైన చోట తిన్నె తలగడ మాట ఎత్తడం ఎగతాళి. అగ్రహారం తిన్నె మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు కింద నిలబడాలో, ఎవరు వీధి మొదట్లోనే ఆగాలో రాయకుండానే అందరికీ తెలుసు. అదే ఇంటి ఆడవాళ్ళకు కూడా తిన్నె పగటిపూట దొరికేది తక్కువ. ముగ్గు వేసిన చేతులకు ఆ ముగ్గు పక్కన కూర్చునే హక్కు మగవాళ్ళు పొలానికి పోయాక గానీ రాదు. కనుక తిన్నెను ఉదారతకు గుర్తుగా మాత్రమే వర్ణించే వ్యాసాలను అనుమానంతో చదవాలి. అంచు మీద అంత పని పెట్టడానికి ఒక కారణం ఆహ్వానమైతే, రెండో కారణం కట్టడి. లోపలికి ఎవరు రాకూడదో నిర్ణయించుకున్న సమాజం కాబట్టే బయట కూర్చోబెట్టే చోటును అంత శ్రద్ధగా కట్టింది. ఈ నిజం ఒప్పుకుంటే వాదం బలహీనపడదు, ఇంకా స్పష్టమవుతుంది. సొగసు వెళ్ళి చేరింది మర్యాదా కట్టడీ రెండూ తేలవలసిన చోటికే.

తిరగబడిన ఇల్లు

ఈ అమరిక తలకిందులు కావడానికి అభిరుచి మారడం ఒక్కటే కారణం కాదు. మొదటి నమూనా బంగళా. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ మదనపల్లె దగ్గర కొండ మీద పంతొమ్మిదో శతాబ్దంలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ కొండకు ఆయన పేరే మిగిలింది. బంగళా రోడ్డుకు దూరంగా, తోట నడుమ, ప్రహరీ లోపల ఉంటుంది. దాని వరండా కూడా తోటనే చూస్తుంది. జపాను ఇళ్ళ ఎన్‌గావా అంచు కూడా తోట వైపే తిరిగి ఉంటుంది. బాటసారి కోసం వీధి వైపు తిరిగిన అంచు మనది. స్వాతంత్ర్యం తరువాత ఉద్యోగుల కాలనీలు బంగళానే చిన్నది చేసుకున్నాయి. ఆపైన కట్టడాల నిబంధనలు వచ్చాయి: ఇంటి ముందు ఇంత, పక్కన ఇంత ఖాళీ వదలాలి. గాలీ వెలుతురూ అగ్నిప్రమాదమూ ఆలోచించి పెట్టిన నియమమే కాబట్టి తప్పు పట్టలేము. కానీ గోడకు గోడ ఆనించి, తిన్నె నేరుగా వీధిని తాకేలా ఇల్లు కట్టడానికి అందులో చోటు లేదు. చెన్నై తిరుపతి రోడ్డు వెడల్పయ్యేకొద్దీ ఊళ్ళలో ముందుగా పోయేది తిన్నే. 1987లో దూరదర్శన్ రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున కూర్చునే చోటు లోపలికి మారింది. కుర్చీలన్నీ ఒకే గోడ వైపు తిరిగాయి.

నగరిలో దీనికి తోడు మరమగ్గం వచ్చింది. కరెంటు, గట్టి కాంక్రీటు నేల, ఊగని గోడ దానికి అవసరం. దుమ్మూ దొంగతనమూ భయం కాబట్టి తలుపు మూయాలి. చప్పుడు వీధిలోకి వస్తుంది, పని మాత్రం కనిపించదు. గుంతమగ్గం ముందుగదిలో వెలుతురు కోసం కూర్చుంటే, మరమగ్గం ట్యూబులైటు కింద పక్క షెడ్డులో ఆడుతుంది. పని లోపలికి పోవడంతో ముందుగదికి వేరే అర్థం వెతుక్కోవలసి వచ్చింది. అది హాలు అయింది, హాలుకు ఇంటీరియర్ కావలసి వచ్చింది.

ఇక నేటి ఇల్లు. తిరుపతిలో కొత్తగా కట్టే ఇంటికి ఖర్చు పట్టీ చూస్తే ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్, మాడ్యులర్ కిచెన్, కుప్పం గ్రానైటు గట్టు, వరసగా లోపలివే. వియన్నాలో పేరు తెచ్చుకున్న వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్, ఇల్లు బయటికి మౌనంగా ఉండి తన సంపదంతా లోపల చూపాలన్నాడు. ప్రాగ్‌లో 1930లో పూర్తయిన ఆయన విల్లా ముల్లర్ బయట తెల్లటి పెట్టె, లోపల చారల చలువరాయి. నగరి సీమ పాత ఇల్లు దీనికి సరిగ్గా తిరగేసిన రూపం. లూస్ పేరు వినని మేస్త్రీలు ఆయన దారిలోకి వచ్చారు, కాకపోతే మౌనం మాట వదిలేసి. బయట ఎలివేషన్ అని రంగురంగుల పలకలు అతికిస్తున్నారు గదా, మరి అంచు మీద సొగసు పోయిందని ఎలా అంటారు అని అడగవచ్చు. తేడా ఉంది. ఎలివేషన్ రోడ్డు మీద పోయేవాడు చూడ్డానికి. తిన్నె వాడు కూర్చోవడానికి. ఎలివేషన్‌కు ముందు గేటు, గేటుకు ముందు కెమెరా. చూపుకు తప్ప ఒంటికి అందని అంచు అది.

పాత వస్తువుల మీద మోజు కూడా ఇదే తిరకాసును చూపిస్తుంది. కారైకుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి నిండా పాత తలుపులూ కంబాలూ అమ్మే దుకాణాలే. అక్కడి నుంచీ మన ఊళ్ళ నుంచీ పోయిన వీధితలుపు నగరంలో గాజుపలక కింద కాఫీ బల్ల అవుతుంది. తిన్నె కంబం సోఫా పక్కన దీపస్తంభం అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ గుడిలో తెరగా, మేలుకట్టుగా కట్టిన గుడ్డ. 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో మళ్ళీ ఊపిరి పోసుకుని, భౌగోళిక గుర్తింపు సంపాదించి, ఇప్పుడు ఎక్కువగా హాలు గోడకు చట్రంలో వేలాడుతుంది. పలమనేరు మట్టికుండ మెట్ల మూలన నిలబడుతుంది. వీటిని కొనేవాళ్ళను వెక్కిరించడం న్యాయం కాదు. వాళ్ళు కొనకపోతే తలుపు పొయ్యిలోకి పోయేది, కలంకారీ కళాకారుడి కలం ఆగేది. అయితే వస్తువు దక్కింది, పని దక్కలేదు. అంచున ఉండి లోపలినీ బయటనీ వేరుచేస్తూ కలిపిన తలుపు, గది నడుమ పడుకుంటే ఒట్టి చెక్కుడు కొయ్య. పాత ముక్కలు పేర్చిన ఇళ్ళు ఒక తీరు ఉన్నట్టు కనిపించి కూడా ఎందుకో నిలవకపోవడానికి కారణం ఇదేనని నా అంచనా.

పాత నియమం పూర్తిగా చావలేదనడానికి అపార్ట్‌మెంట్లే సాక్ష్యం. తిరుపతిలో ఏ ఫ్లాటుకైనా వెళ్ళండి. లోపలి గదులకు ఫ్లష్ డోర్లు, కారిడార్ వైపు మాత్రం టేకు తలుపు, చెక్కిన ద్వారబంధం, పసుపు గడప, పైన మామిడాకులు. ఆకులు ప్లాస్టిక్‌వి అయినా సరే. ఇల్లు కట్టేటప్పుడు ముహూర్తం చూసి, నవధాన్యాలు పోసి నిలబెట్టేది సింహద్వారాన్నే. పడకగది వాసకాలికి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. దిష్టి గుమ్మడికాయ కట్టేదీ అక్కడే. ఇంటీరియర్ డిజైనర్ చేతికి అప్పగించని చోటు ఇంట్లో ఏదైనా మిగిలిందంటే గడపే.

తిన్నె మాత్రం చట్టానికి బయట బతుకుతోంది. పేదల ఇళ్ళ పథకంలో 2020లో పట్టణాల్లో ఇచ్చిన స్థలం ఒక సెంటు, అంటే సుమారు 48 చదరపు గజాలు, పల్లెల్లో సెంటున్నర. అందులో ఇల్లే సర్దుకోవాలి, తిన్నె లెక్కలో లేదు. అలాంటి కాలనీల్లోనూ, నగరి మగ్గాల వీధుల్లోనూ జనం ఇంటి ముందు కాలువ మీద నాలుగు కడపబండలు పరిచి, రెండు మెట్లు కట్టుకుంటారు. సాయంత్రం షిఫ్టు మారే వేళ ఆడవాళ్ళు ఆ బండల మీద కూర్చుని నూలు చుడతారు, పూలు కడతారు, పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తారు. ఒకప్పుడు మగవాళ్ళు లేచిపోయాక గానీ దొరకని చోటు ఇప్పుడు వాళ్ళదే. మున్సిపాలిటీ లెక్కల్లో అవి ఆక్రమణలు. పూడిక తీయాలంటే లేపక తప్పదు, ఆ మాటా నిజమే. పూడిక తీసిన మర్నాడు బండలు మళ్ళీ అక్కడికే వస్తాయి. కాలువలు కట్టేటప్పుడే తీసిపెట్టుకునే వీలున్న బండలు వేసి, ఇంటింటి ముందు కూర్చునేంత ఎత్తు గట్టు ఒకటి కలిపి కడితే ఇంజనీర్లకు అదనంగా పడే ఖర్చు కొద్దిపాటి సిమెంటు.